తంతిలో నేను రాసిన మాట

1962 నవంబరు 6, మంగళవారం
ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు. దగ్గర దగ్గరగా ఉండి వేరయ్యే మాటలు. లాస్ట్, మిస్సింగ్. "వెతుకుతున్నంత కాలం మిస్సింగ్, ఆశ వదులుకుంటే లాస్ట్" అని గొంతు పోయేదాకా చెప్పించాను. బయట ఈదురుగాలి. సాయంత్రానికి ఈ జాలర్ల కుప్పం పడవలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. అందులో మా పక్కింటి పోలమ్మ మొగుడు కాటయ్య, ఇంకో ముగ్గురు.

నవంబరు 7
రాలేదు. కుప్పానికి పెద్ద అయిన పెద్దకాపు దురాయి వేశాడు. కుప్పం కట్టుబాటు అది, మీరితే వెలి. "మనోళ్ళు గట్టుకు చేరేదాకా ఎవురూ 'పోయినారు' అనగూడదు." పోలమ్మ కాటయ్య పళ్ళెంలో కూడా అన్నం వడ్డించింది. ఏడవడం లేదు. నాకే భయం.

మధ్యాహ్నం పెద్దకాపు వచ్చాడు. "పోర్టాఫీసుకు తంతి ఇయ్యాల, ఇంగిలీసులో మీరే రాయాల అయ్యోరూ. పడవ ఇంకా రాలేదు, లాంచీ పంపి ఎతకమనండి." రాశాను. ఆయన కింద వేలిముద్ర వేశాడు. సైకిలు మీద పోయి నేనే ఇచ్చి వచ్చాను.

8
లాంచీ లేదు.

9
జవాబు వచ్చింది. సానుభూతి... చావులు నమోదు చేసుకోవాలి, పేర్లు పంపమంటున్నారు. వెతికే మాటే లేదు. ఇదేం అన్యాయం! అనుకుంటూ నా దగ్గరున్న నకలు తీశాను. నా చేతిరాతే. పడవ, నలుగురు మనుషులు — లాస్ట్.

తెలియక రాశానా? ముందురోజే పాఠం చెప్పినవాణ్ణి! ఆ అలలు చూసి నా మనసు వాళ్ళను అప్పుడే చంపేసింది, చెయ్యి అదే రాసింది. కుప్పంలో ఒక్కరూ నోట రానివ్వని మాట, వరిచేల మధ్య పుట్టిన నేను వాళ్ళకు రాని భాషలో అనేశాను. వాళ్ళ వేలిముద్ర పైన. ఛీ, నా బతుకు.

పరుగున రెండో తంతి. మిస్సింగ్. బతికి ఉండవచ్చు, వెంటనే వెతకండి.

10
పెద్దకాపు అడిగాడు. "మొదుటి కాయితంలో ఏం రాసినారయ్యోరూ? ఆఫీసోళ్ళు ఇంత ఆలీసెం చేసినారే." రాలేదనే రాశానన్నాను.

11
ఒడ్డునే నిలబడి రాస్తున్నాను. పొద్దున్నే కేకలు — లాంచీ! వెనక తాడుకు ఒక పడవ. కాటయ్యదే, తెరచాపకు పోలమ్మ కుట్టిన ఎర్ర అతుకు కనిపిస్తోంది. ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ కాయితమే పొయ్యి తెచ్చింది సామీ. మీ కడుపు చల్లగుండ."

ఇక దాచలేను. "అమ్మా, ఈ లాంచీ రెండు రోజుల ముందే రావాల్సింది. నేనే..."

వినడం లేదు. నీళ్ళలోకి దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని తలలు లెక్కపెడుతోంది. లాంచీ ఇంకా అలల అవతలే ఉంది. నాకు రెండే కనిపిస్తున్నాయి.