పళ్లపేస్టు పూసిన గోడ

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగ పెట్టుకోకు. నేను చూసుకునే అద్దె ఇళ్లలో ఒకటి నిన్న ఖాళీ అయింది. గోడలు తడుముతుంటే, "ఒక్క మేకు కూడా కొట్టలేదండీ!" అంది అద్దెకున్నావిడ. నా వేలికి పళ్లపేస్టు అంటింది. మనం ఇల్లు మారిననాడు నువ్వూ మేకుల చిల్లుల్లో పేస్టు కూరలేదూ, నేను ట్యూబు పట్టుకుని నించుంటే? ఇంటాయన గోడంతా తడిమి, వేలు జేబురుమాలుకి తుడుచుకుని, "ఇల్లు అద్దంలా ఉంచారమ్మా" అన్నాడు. ఆయన కళ్లల్లో దుమ్ము కొట్టామని ఎన్నేళ్లు నవ్వుకున్నాం! నిన్న నేనూ ఆవిడతో అదే మాట అని తాళాలు పుచ్చుకున్నాను. చెల్లి పరీక్షలెలా రాసింది? నా నీలం స్వెట్టరు పంపు, పాత దిండు కూడా. నాన్నకి నమస్కారాలు. ఆ ఇంటాయన కనిపిస్తే ఆయనకి మరీ మరీ చెప్పు.