మూడో రింగు

స్వరూపా,

నువ్వు చనిపోయి ఈ రోజుకు ఏడాది. నాచారం గదిలో మనం ముగ్గురం, ఒకటే సెల్‌ఫోన్. కలవడానికి వచ్చినవాడు కింద నిలబడి ఒక్క రింగిచ్చి కట్ చేస్తే కవిత కోసం, రెండైతే నీ కోసం, మూడైతే నా కోసం. నాకు చేసేవాడే లేక మూడు ఎన్నడూ మోగలేదు. ఒకసారి కవిత కోసం వచ్చినవాడు కట్ చేయడం ఆలస్యమై రెండు మోగితే, నువ్వు పౌడరద్దుకుని కిందికి ఉరికావు. వాణ్ణి చూసి తిట్టుకుంటూ వచ్చావు. నేను కడుపుబ్బ నవ్వాను. కుళ్ళు మరి.

ఇప్పుడు నీ రమేశ్ నా కోసం వస్తున్నాడు. తిట్టుకో. కానీ ఇచ్చేది రెండు రింగులే. ఉప్పల్‌లో మిర్చి బజ్జీలు తిందామంటే నా ప్లేటులో ఉల్లిగడ్డలు ఎక్కువ వేయిస్తాడు. అవి నీకిష్టం, నాకు పడవు.

మొన్న మళ్ళీ అడిగాను. "రెండు రింగులు స్వరూపవి. నాకు మూడియ్యరాదా? గంత కష్టమా?"

"అలవాటైపోయింది లతా. జర ఓపిక పట్టు."

ఈ సాయంత్రం ఫోన్ మోగింది. రెండు కాగానే చెప్పులేసుకున్నాను. మూడోది కూడా మోగి ఆగింది.

"నీకేనే, పో," అంది బియ్యం ఏరుతున్న కవిత.

నెల రోజులుగా దీనికోసమే కొట్లాడాను. గెలిచాను. రమేశ్ కింద ఎదురుచూస్తున్నాడు. నేను మెట్ల మీదే కూర్చుని నీకు రాస్తున్నాను.

మన గదికి ఇక రెండు రింగుల ఫోన్ రాదు, స్వరూపా.

లత