చేతికిచ్చిన నీళ్ళు

17 జూన్ 1968, సోమవారం

స్కూలు తెరిచారు. ఈ ఊరికి ట్రాన్స్‌ఫరై వచ్చి ఏడాది దాటింది. సాలూరు ఇక్కడికి ఆరు మైళ్ళు. రోజంతా లారీలు, దుమ్ము.

ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలంతా గేటు బయట కూర్మయ్య సోడాబండి మీద పడ్డారు. ఎర్ర కలరు, పచ్చ కలరు. ఎనిమిదో తరగతిలో సైన్సు చెబుతూ అందర్నీ నోరు తెరవమన్నాను. నాలుకల నిండా రంగు, సగంమందికి పుచ్చుపళ్ళు. ఒళ్ళు మండింది. నీళ్ళు తాగడానికి వీళ్ళకేం రోగం?

గదికొచ్చి తాళం తీసి, కుండలోంచి నేనే ముంచుకుని తాగాను. ముప్ఫై ఆరేళ్ళొచ్చాయి. ఎండనపడి వచ్చావు, మంచినీళ్ళు కావాలా అని అడిగే గొంతు అమ్మతోనే పోయింది.

19 జూన్

కుమ్మరి దగ్గర పెద్ద కుండ కొన్నాను. వరండాలో ఇసుక పోయించి కూర్చోబెట్టాను. వట్టివేళ్ళు కూడా వేశాను. ప్యూన్ జోగయ్య ఎంతో సంతోషించాడు. మీరు పాఠాలు సెప్పుకోండమ్మా, నీల సంగతి నాకొదిలేయండి అన్నాడు. వదిలేశాను. నాకు మాత్రం స్టాఫ్ రూంలో బల్ల మీద గ్లాసుతో పెట్టిపోతాడు.

29 జూన్, శనివారం

క్లాసు గోడకి చార్టు అంటించి వారమైంది. కలరు మాని కుండ నీళ్ళు తాగినవాళ్ళ పేరు ఎదురుగా నక్షత్రం. అందరికీ ఏదో ఒకటి ఉంది, చిన్నతల్లికి తప్ప. హరిజనపేట నుంచి మా స్కూలుకి వచ్చేది ఆ పిల్ల ఒక్కతే. సైన్సులో ఫస్టు. అలాంటిది రోజూ కూర్మయ్య బండి దగ్గరే ఉంటుంది.

ఎందుకని అందరి ముందూ అడిగాను. తల దించుకుంది. నాలుక తీపి మరిగాక ఎంత చదివితే ఏం లాభం అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం ప్రతి శనివారం లాగే నోట్సుల కట్ట మోసుకొచ్చి నా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎప్పుడూ లోపలికి రాదు. సిగ్గరి.

2 జూలై

హెచ్.ఎం. గారితో చెప్పి బండిని బస్సు స్టాపు దగ్గరికి పంపించేశాను.

3 జూలై

గేటు దగ్గర ఎవరూ లేరు. గెలిచాను.

5 జూలై, శుక్రవారం

వాన జాడ లేదు. డ్రిల్లు పీరియడ్లో చిన్నతల్లి పడిపోయింది. పెదాలు పగిలి ఉన్నాయి. జోగయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి ముఖం మీద చల్లాడు. లేచి కూర్చుంది. తాగించడానికి గ్లాసేదని నేను వెతుకుతుంటే ఆ పిల్ల దోసిలి పట్టేసింది. జోగయ్య మూరెడు ఎత్తునుంచి పోశాడు. సగం నీళ్ళు మోచేతుల మీదుగా మట్టిలోకి పోయాయి.

చుట్టూ ఉన్నవాళ్ళెవరికీ వింత కాదు. అబద్ధమెందుకు, నాకూ కాదు. నా కుండ దగ్గర అనుకోలేదంతే.

జోగయ్యని అడిగాను. పేట పిల్లకి మొదట్నుంచీ ఇలాగే పోత్తన్నానమ్మా, అందరూ తాగినాక గోడెనకాల, మీకు తెల్దేటి అన్నాడు. అందరూ తాగేసరికి బెల్లు అయిపోతుంది. ఆ బెల్లు కొట్టేదీ జోగయ్యే. మూడు రోజుల్నుంచి ఆ పిల్ల స్కూల్లో చుక్క నీరు తాగలేదు.

6 జూలై

బస్సు స్టాపుకి వెళ్ళి కూర్మయ్యని అడిగాను, ఆ పిల్ల నీ దగ్గరికే ఎందుకొచ్చేదని. డబ్బులిత్తే నా సీసా ఎవులి సేతికైనా ఇత్తానమ్మా, కరణంగోరబ్బాయి తాగిన సీసాతోనే ఆ పిల్లా తాగుతాది, నాను కులమేటి అడుగుతాను అన్నాడు.

అంటే తీపి కాదు. సీసా చేతికివ్వడం. దాన్ని కొనుక్కుంటోంది ఆ పిల్ల. నేను తీసేసింది అదే.

ఇంకొకటి కూడా రాయాలి. ఏడాదిగా ప్రతి శనివారం నా పుస్తకాలు మోసింది. మంచినీళ్ళు తాగుతావా అని ఒక్కసారి అడగలేదు. ఇంటావిడ గున్నమ్మగారు చూస్తే గది ఖాళీ చెయ్యమంటారని భయం. ఆ భయం లేనట్టు నాకు నేనే నటించాను. పైన సిగ్గరి అని రాశాను. కొట్టెయ్యను. ఉండనీ.

8 జూలై

చిన్నతల్లి రాలేదు.

9 జూలై

రాలేదు.

12 జూలై

చదువు మానేసిందట. వాళ్ళమ్మతో సాలూరు రోడ్డు పనికి కంకర కొట్టడానికి వెళుతోందట. చెప్పిన పిల్ల మామూలుగా చెప్పింది.

14 జూలై, ఆదివారం

పేటకి వెళ్ళాను. చిన్నతల్లి తల్లి అసిరమ్మ కంగారుగా మంచం వాల్చింది. నేను కూర్చోకుండానే కూతురితో, బేగెల్లి కూర్మయ్య కాడ కలరు సీసా అట్టుకురాయే, టీచరమ్మొచ్చినారు అంది. ఊళ్ళోవాళ్ళు ఎవరొచ్చినా వాళ్ళింట నీళ్ళు ముట్టరు. అందుకని మర్యాదకి సోడా.

కలరొద్దు, మంచినీళ్ళు చాలన్నాను. మా యింటి నీలా తాగుతారు, అంది అసిరమ్మ. రెండుసార్లు అడిగింది.

చిన్నతల్లి లోటాతో తెచ్చి నా ముందు నేల మీద పెట్టబోయింది. నేను చెయ్యి చాచాను. కాసేపు అలాగే నిలబడి, చేతికిచ్చింది. నీళ్ళు కొంచెం ఉప్పగా ఉన్నాయి. అమ్మ పోయాక నా చేతికి నీళ్ళందించిన మనిషి ఈ పిల్లే. జోగయ్య గ్లాసు జీతానికి వచ్చేది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

తప్పయిందని చెప్పాను. రేపు బడికి పంపించు అసిరమ్మా అన్నాను. వచ్చి ఏటి తాగుతాదమ్మా అంది.

15 జూలై

జోగయ్య చెంబు తీసేశాను. కుండ పక్కన ఒకే గ్లాసు పెట్టాను. ఊళ్ళోవాళ్ళతో గొడవెందుకని హెచ్.ఎం. గారు అన్నారు. కుండ నాది అన్నాను.

రెండో పీరియడుకి చిన్నతల్లి వచ్చింది. ఇంటర్వెల్లో గ్లాసు తానే ముంచుకుని తాగింది. అదే గ్లాసుతో నేనూ తాగాను. వరండా నిండా పిల్లలు చూస్తూ నిలబడ్డారు.

18 జూలై

ఇంకెవరూ కుండ ముట్టడం లేదు. ఊరి పెద్దలు కబురు పెడితే బండి మళ్ళీ గేటు దగ్గరికి వచ్చింది. నక్షత్రాలు తెచ్చుకున్న పిల్లలంతా అక్కడే. స్టాఫ్ రూంలో నాతో మాట్లాడేవాళ్ళు లేరు. చార్టు చింపేశాను.

నేను ముట్టడం మానేత్తే అందరూ తాగుతారు కదండీ అని చిన్నతల్లి మెల్లగా అడిగింది. మానొద్దన్నాను.

20 జూలై, శనివారం

పుస్తకాలు లోపల పెట్టమన్నాను. గడప దాటి వచ్చింది. నీళ్ళు ముంచి చేతికిచ్చాను. గున్నమ్మగారు పెరట్లోంచి చూశారు. నెలాఖరుకి గది ఖాళీ చెయ్యాలి.

23 జూలై, మంగళవారం

పొద్దున్న కుండ నిండా నేనే నింపాను. మేమిద్దరం చెరో గ్లాసు తాగాం. సాయంత్రం మూత తీస్తే నీళ్ళు సగానికి దిగి ఉన్నాయి. చిల్లు పడిందేమోనని చుట్టూ తడిమి చూశాను. పడలేదు.