దొర పాడని పద్యం

కారేపల్లి,
27 ఫిబ్రవరి 2025.

చిరంజీవి రవికుమార్‌కు,

పద్మావతక్క దీవించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. సత్తుపల్లిలో నువ్వూ, పుష్పలతా, పాపా చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోన్‌లో మన నాటకాల గురువు తుల్సీరాం గారి పేరెత్తితే పెట్టేస్తావు, అందుకని ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారం సాయంత్రం భద్రాచలంలో మన ‘గుట్టకోట’ నాటకం ఆడాం. నువ్వు వేసిన కొడుకు వేషం ఇప్పుడు గణేష్ వేస్తున్నాడు. రాణి వేషం నాదే, దొర వేషం తుల్సీరాం గారిదే. చక్రవర్తికి తల వంచనని పంతం పట్టి, సంధి చేసుకుందామన్న కొడుకును యుద్ధానికి పంపి చంపుకునే ఆ దొర వేషాన్ని ఆయన ఇన్నేళ్ళూ ఇంకొకరిని ముట్టనివ్వలేదు.

చర్లలో ఆడినప్పుడు నీకూ ఆయనకూ మాటామాటా వచ్చింది ఆఖరి రంగం దగ్గరే కదా. ‘కొడుకు శవం ముందట మీసం దువ్వుకుంట పద్యం పాడుతడా? ఒక్కసారన్న పక్కన కూసోని ఏడ్వాలె’ అన్నావు నువ్వు. ‘నిన్నగాక మొన్న రంగు పూసుకున్నోడివి, నాకు నేర్పుతవా’ అని ఆయన అందరి ముందూ అన్నారు. నువ్వు ముఖం కడుక్కుని బస్సెక్కావు. మళ్ళీ రాలేదు.

మొన్న భద్రాచలంలో ఆ రంగం వచ్చింది. గణేష్ శవంలా పడుకున్నాడు. బొజ్జయ్య హార్మోనియం మీద పద్యానికి శ్రుతి ఇచ్చాడు. ఆయన పాడలేదు. బొజ్జయ్య మళ్ళీ ఇచ్చాడు. తెర పక్కనుంచి మొదటి మాట అందించారు. ఆయన అటు చూడనైనా లేదు. కత్తి కింద పెట్టి, మోకాళ్ళ మీద కూలబడి, కొడుకు తల ఒళ్ళోకి తీసుకున్నారు. కండువాతో వాడి ముఖం మీది మట్టి తుడుస్తూ కూర్చున్నారు. ముందు వరుసల వాళ్ళు కదలకుండా చూశారు. వెనక నుంచి ‘పద్యం, పద్యం’ అని కేకలు, ఈలలు. చివరికి తెర దించేశారు.

‘నిజంగనే ఏడ్చిండక్కా. పద్యం యాది రాలేదని సిగ్గుపడ్డడేమో’ అన్నాడు గణేష్ నాతో.

మన నాటక సమాజం నడిపే మురళీకృష్ణ మేకప్ గదిలోకి వచ్చి, ‘వయసైపోయింది గురువు గారూ, మతికుంటలేదు. ఇగ దొర వేషం వేరేటోళ్ళకిద్దాం’ అన్నాడు. ఆయన ఊరుకోరని అందరం భయపడ్డాం. ఆయన మీసం ఊడదీసి, అద్దం ముందు పెట్టి, ‘అవ్, గట్లనే కానీ’ అన్నారు. అంతే. ఊళ్ళో ఇప్పుడు అందరూ ముసలాయన పద్యం మర్చిపోయాడనే చెప్పుకుంటున్నారు. ఆయన పొద్దున్నే చేనుకు పోయి వస్తున్నారు.

పాపకు నా ముద్దులు. పుష్పలతను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క,
పద్మావతమ్మ

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. ఇది రాయకుండా ఉండలేను. తిరుగు బస్సులో ఆయన పక్క సీటు నాది. కొత్తగూడెం దాటాక ఆయన గొంతు తగ్గించి ఆ పద్యం మొదలుపెట్టారు. ఒక్క అక్షరం పోకుండా చివరిదాకా పాడారు. ‘యాదికున్నది గదా మీకు, మరి స్టేజి మీద ఎందుకు పాడలే?’ అన్నాను. ‘రవిగాడు చెప్పినట్టు ఒక్కసారన్న చేసి చూద్దామనుకున్న. ఆడు చెప్పిందే నిజం’ అన్నారు. మరి ఆ మాట మురళీకృష్ణకు చెప్పాల్సింది కదా అంటే, ‘మర్చిపోయిండంటే అననీ. ఆని మాట ఇన్ననని ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె’ అన్నారు.

నీకు తెలియనివ్వనని ఒట్టు వేయమన్నారు. నేను వేయలేదు.