ఉల్టా బటన్

వనపర్తి, 2004, మంగళవారం

గద్వాల వకీలు సారు విదేశం నుంచి తెప్పించుకున్న పాత స్పోర్ట్స్ కారు నాలుగు రోజులుగా నా షెడ్డులోనే ఉంది. డ్రైవర్ ఖాజా మామ సెలవు పెట్టిన రోజు సారే నడిపి ఆపితే, వెనక్కి జారి గోడకు తగిలిందట. హ్యాండ్‌బ్రేక్ గుంజి చెయ్యి తీస్తే చాలు, లివర్ కిందికి పడిపోతోంది. కేబుల్ మార్చాను, బ్రేక్ షూలు మార్చాను. షెడ్డు నేల వాలుగా ఉంటుంది, టైరు కింద రాయి పెట్టి పనిచేశాను. ఇది ఖాజా మామ పాడుచేసిందేనని మొదటి రోజే సారుతో అన్నది నేనే. మర్నాడే మామ నౌకరీ పోయింది.

ఇవాళ మధ్యాహ్నం కారులో మరిచిపోయిన టోపీ కోసం మామ వచ్చాడు. సీట్లో కూర్చుని, లివర్ పైకి గుంజి, దాని కొన మీది బటన్ నొక్కి వదిలాడు. దిగి రాయి తీసేశాడు. కారు కదల్లేదు.

"ఇది ఉల్టా బండి బేటా. మన జీపులకు బటన్ నొక్కితే ఇడుస్తది, దీనికి నొక్కితే పట్టుకుంటది. ఇడవాల్నంటే జర గుంజితే సాలు. నన్నొక్క మాట అడిగితే చెప్పకపోదునా?"

చాయ్ తాగిపో మామా అన్నాను. తాగి పోయాడు.

తప్పు చేశానని తెలుసు. లోపల మాత్రం ఏమీ అనిపించడం లేదు. చేతుల గ్రీజు కడుక్కుని అన్నం కూడా తిన్నాను.

సాయంత్రం సారు ఫోన్ చేశారు. బ్రేకు పట్టుకుంటోందని చెప్పాను.

"శబాష్! ఇంతకీ గా ముసలోడు ఏం ఖరాబ్ చేసిండు?"

"కేబుల్ సార్" అన్నాను.