బతికుండగా ఇవ్వకూడని కారు

ఒహాయో రాష్ట్రం, పోర్ట్ కెల్లాన్ నగరంలో, స్లోవేనియన్ హాలు వెనక వీధి పద్నాలుగో నంబరు ఇంట్లో ఉంటున్న లుద్విక్ కోస్ అనే నేను, వయసు డెబ్బై నాలుగు, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ మొహమాటమూ లేకుండా నా ఇష్టప్రకారం రాయించిన చివరి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవి రెండూ రద్దు. బుద్ధి సంగతి డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. ఊపిరితిత్తుల గురించి మాత్రం అంత మంచిమాట రాయలేదు. ఏడు నెలలన్నాడు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అక్క కూతురు తెరెసాది. "మామయ్యా, నీ చాదస్తం నువ్వు పోయాక కూడా నన్ను వదలదు" అంటుంది. వదలదు. అందుకే దాన్ని ఎంచుకున్నాను.

2. ఇల్లు, పెరడు, వంటింట్లో మా ఆవిడ మారియా వాడిన రొట్టెల పీట, కర్రతో సహా తెరెసాకే చెందుతాయి. పీటను డిష్‌వాషర్‌లో పెట్టకూడదు.

3. మా తమ్ముడి కొడుకు రూడీకి నా అకార్డియన్. పడవ వాడికి ఇవ్వను, అది చర్చి యువజన సంఘానికి చెందుతుంది. ఎందుకో వాడికి తెలుసు. నాకు చెప్పకుండా అదే పడవలో ఒక కౌన్సిల్ సభ్యుణ్ణి చేపలకు తీసుకెళ్లి, బుట్ట నింపి పంపించాడు. అడిగితే "చేప కూడా లంచమేనా పెదనాన్నా!" అని నవ్వాడు. నా పడవలోంచి వెళితే చేపా లంచమేరా. క్షమాపణ చెప్పుకుంటూ సిటీ హాలు చుట్టూ వారం రోజులు తిరిగింది నేను. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

4. ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. లేకపోతే ఐదో అంశం చదివి మావాళ్లు ముక్కున వేలేసుకుంటారు. పోయిన నెల వరకు నేను రిజిస్టరైన లాబీయిస్టుని. గోదాములు కట్టేవాళ్లు, బేకరీ పెట్టేవాళ్లు, పార్కింగు స్థలం కావాల్సినవాళ్లు నన్ను పెట్టుకుంటే, వాళ్ల తరఫున నగర అధికారుల దగ్గరికెళ్లి మాట్లాడేవాణ్ణి. ఎవరి తరఫున, ఏ అధికారితో, ఏ రోజు, దేని గురించి మాట్లాడానో ఐదు రోజుల్లోగా నగర రిజిస్టరులో రాయాలి. అది ఎవరైనా తెరిచి చూడొచ్చు. అధికారికి నేను ఏమీ ఇవ్వకూడదు. కాఫీ ఇవ్వకూడదు, గొడుగు అరువివ్వకూడదు, కారెక్కించుకోకూడదు. 1992లో ఈ నిబంధనలు వచ్చినప్పుడు అందరితోపాటు నేనూ తిట్టాను. ఇప్పుడు వాటికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

5. ప్రణాళికా శాఖ అధికారి ఒడెస్సా ప్రూయిట్ గారికి నా నీలం రంగు బ్యూయిక్ కారును, కొత్తగా వేయించిన మంచు టైర్లతో సహా, ఇస్తున్నాను.

నిబంధనలు వచ్చిన ఆ 1992లోనే ఆవిడ కౌంటరు గుమాస్తాగా చేరారు. ఈ ఊళ్లో లేచిన ప్రతి పెద్ద భవనం నక్షా ఆవిడ చేతుల మీదుగా పోయింది. చెల్లెలు పోయాక ఇద్దరు పిల్లలనీ తెచ్చుకుని చదివించారు. పాత కారు పాడైతే మళ్లీ కొనలేదు, బస్సుకే నిలబడ్డారు. ఆవిడ ఊఁ అంటే ఇంటి ముందు పది కార్లు నిలబెట్టడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు నాకే డజనుమంది తెలుసు. ఊఁ అనలేదు. ఒక క్రిస్మస్‌కి మారియా చేసిన అక్రోటు రొట్టె తీసుకెళితే, "వాసన మాత్రం చూస్తాను కోస్ గారూ, దానికి నిషేధం లేదుగా" అన్నారు. వాసన చూసి, పొట్లం మళ్లీ కట్టి ఇచ్చేశారు. ఆ రోజు నోరెళ్లబెట్టినవాణ్ణి, ఇప్పటికీ మూయలేదు.

2015 జనవరిలో ఒకరోజు, సాయంత్రం ఐదింటికి, మంచు తుఫాను మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. ఆవిడ స్టాపులో నిలబడి ఉన్నారు. నేను చూస్తూనే దాటి వెళ్లిపోయాను. వీధి చుట్టి వచ్చి మళ్లీ దాటిపోయాను. మూడోసారి తలుపు తీశాను. తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఎవరినైనా ఎక్కించుకోవచ్చు, అంతవరకు తప్పు లేదు. వాళ్లింటికి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో నేనేం మాట్లాడానో తెలుసా? మా గోదాము ఆసామి ప్రహరీ గోడ గురించి! ఇన్నేళ్లూ ఆవిడతో గోడలూ కాలవలూ తప్ప వేరే ఏదీ మాట్లాడి ఎరుగనివాణ్ణి, పక్కన కూర్చునేసరికి ఇంకేం తోచలేదు, వెధవని.

గోడ గురించి మాట్లాడాను కాబట్టి రిజిస్టరులో రాయాలి. రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ ఒక్క సాయంత్రం మాత్రం ఊరందరూ తిరగేసే పుస్తకంలో ఉండకూడదనుకున్నాను. ఆరో రోజు ఆవిడే వెళ్లి ఫిర్యాదు రాసిచ్చారు. నాలుగు నెలలు సిటీ హాలు మెట్లెక్కకూడదన్నారు నన్ను. గోదాము ఆసామి వేరేవాణ్ణి పెట్టుకున్నాడు. ఇంత విశ్వాసం లేని మనిషి ఉంటుందా అని రెండేళ్లు ఆవిడ మొహం చూడలేదు. పనులన్నీ ఉత్తరాల మీదే నడిపాను.

తర్వాత రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం పాత కాగితాలన్నీ జతచేయాల్సి వచ్చి, ఆ ఫిర్యాదు మొదటిసారి చదివాను. రెండు పేరాలే. ఒకటి నా తప్పు గురించి. రెండోది ఇది, ఉన్నదున్నట్టు దింపుతున్నాను: "తప్పులో సగం నాది. ఆయన గోడ ప్రస్తావన తేగానే నేను ఆపమనాలి. ఆపమనాలనిపించలేదు. కాబట్టి నా మీద కూడా చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను." ఆవిడకీ ఒక మందలింపు పడింది. ఆ కాగితం ఇన్నాళ్లూ ఎవరైనా చూడగలిగే చోటే ఉంది. నేనొక్కణ్ణే చూడలేదు. రిజిస్ట్రేషన్ కౌంటరు ముందే బల్ల మీద కూర్చుని మళ్లీ మొదటినుంచి చదివాను. తన మనసు సంగతి ఒక మనిషి ప్రభుత్వ కాగితం మీద, అదీ తనకు శిక్ష వేయమని అడుగుతూ రాయగలదా? ఇంత నిజం నేను చర్చిలో కూడా వినలేదు.

తెరెసా, నువ్వు వెళ్లి ఆ రిజిస్టరు ఒకసారి చూడు. ఆ తుఫాను సాయంత్రం ఒక్కటి తప్ప, ఆవిడతో నేను మాట్లాడిన ప్రతిసారికీ అందులో తేదీ ఉంది. నలభై ఏళ్లు కాపురం చేసిన మీ అత్తయ్యతో మాట్లాడిన ఒక్క మాటకైనా నా దగ్గర తేదీ లేదు.

6. ఐదో అంశం చెల్లుతుందా అని ఎవరికీ అనుమానం రాకూడదు. లాబీయిస్టుగా పేరు తీయించుకున్నాక కూడా రెండేళ్లు అధికారులకు ఏమీ ఇవ్వకూడదు. పోయిన నెలలో తీయించుకున్నాను. రెండేళ్లెక్కడ, ఏడు నెలలెక్కడ! అందుకని ఈ నిబంధనల అమలు చూసే నగర నైతిక మండలికే ఉత్తరం రాశాను. వీలునామా ద్వారా సంక్రమించేది బహుమతి కిందికి రాదని జవాబు వచ్చింది. అది దీనికి జతచేశాను. బతికున్నవాడి చేతులు ఇంత గట్టిగా కట్టేసిన నిబంధన, పోయినవాడి చేతులు విప్పేసింది. రాసినవాళ్లెవరో గానీ వాళ్లకు నా దండం. తీసుకోవడమా మానడమా అన్నది మాత్రం ఆవిడ ఇష్టం. ఇన్నేళ్లూ మానడమే చూశాను కాబట్టి నా భయమంతా అదే.

7. ఈ అంశం నా చేత్తో రాస్తున్నాను. లాయరు బెల్ గడియారం చూసుకుంటున్నాడు, చూసుకోనీ.

సాక్షి సంతకం పెట్టడం బహుమతి కాదు కదా, ఆ వంకన ఒకసారి చూడొచ్చని ప్రూయిట్ గారిని ఈ సంతకాలు జరుగుతున్న గ్రంథాలయానికి పిలిచాను. వచ్చారు. కలం చేతికి తీసుకుని, "ఇందులో నా పేరు ఎక్కడైనా ఉందా?" అని అడిగారు. నేను బెల్ వైపు చూశాను. "పేరున్నవాళ్లు సాక్షి సంతకం పెడితే వాళ్లకొచ్చేది పోతుందమ్మా" అని బెల్ నా మీద కళ్లెర్రజేశాడు. నగర నిబంధనలన్నీ కంఠతా వచ్చిన నాకు ఈ ఒక్కటీ తెలియదు. ఆవిడ కలం కింద పెట్టేశారు. ఐదో అంశం చదవలేదు, చూపించబోతే వద్దన్నారు. మండలి జవాబు మాత్రం అడిగి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. కాగితం మడిచి నా చేతికిచ్చి అన్నారు:

"చెల్లుతుంది. అదేమిటో గానీ తీసుకుంటాను. కాకపోతే నాకేం తొందర లేదు కోస్ గారూ. మీకు వీలైనంత ఆలస్యంగా ఇవ్వండి."

గ్రంథాలయ ఉద్యోగిని ఆవిడ బదులు సంతకం పెడతానంది. ఇది నా వీలునామా, ఇవి నా మాటలు, కింద ఉన్నది నా సంతకం.

2023 అక్టోబరు 19, గురువారం
పోర్ట్ కెల్లాన్ నగర గ్రంథాలయం

(సంతకం) లుద్విక్ కోస్

సాక్షులు:
ఫ్రాంక్ ఓరేష్నిక్, పొరుగింటివారు
నెల్ డొనాహ్యూ, గ్రంథాలయ ఉద్యోగిని