ఎనభై మీటర్ల నడక

నా తల్లి నెరిస్‌కు,

మీ నాన్న దీవెనలు. ఉత్తరం మొదట్లో అందరూ క్షేమమని రాయాలి కాబట్టి రాస్తున్నాను. పక్కింటి గ్లెనిస్ క్షేమం, ఆవిడ నోరు అంతకంటే క్షేమం. మెట్లెక్కనంతసేపూ నేనూ క్షేమమే. మీకక్కడ హోబార్ట్‌లో ఇప్పుడు చలికాలం కదా, పిల్లలిద్దరికీ దగ్గు తగ్గిందని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. వంటింటి కప్పు కారడం ఆగింది. మీ అమ్మ చలి కోట్లు చర్చివాళ్లకు ఇచ్చేశాను. ఆకుపచ్చది మాత్రం ఇవ్వలేదు, ఎందుకని అడగకు. డాక్టరు ఇచ్చిన కొత్త ఇన్‌హేలరు పాతదాని లాగే ఉంది, రంగు మారిందంతే. ఇరవై రెండేళ్లు గనిలో పీల్చిన దుమ్ము ఊదా రంగు డబ్బాను చూసి భయపడుతుందా?

ఇక నీ చివరి ప్రశ్న. "వికలాంగుల పార్కింగ్‌కిచ్చే నీలం కార్డు వచ్చి ఆరు వారాలైందట. ఒక్కరోజు కూడా కారు అద్దం దగ్గర పెట్టలేదట. వికలాంగుల చోటు ఖాళీగా ఉన్నా అవతలి వీధిలో కారు ఆపి, గోడలు పట్టుకుంటూ నడుస్తున్నారట. దానికోసం నేనెంత పోరాడానో తెలిసి కూడా ఎందుకు నాన్నా ఇలా?" అని రాశావు. ఈ కబురు నీకు చేరవేసింది ఎవరో ఊహించగలను. ఆవిడ మీద కోపం లేదు. జవాబు మాత్రం ఫోనులో చెప్పలేకపోయాను. మూడు ఆదివారాలు నోటిదాకా వచ్చింది, మూడుసార్లూ వాన సంగతి మాట్లాడి పెట్టేశాను. అందుకే ఈ కాగితం.

మీ అమ్మకు పక్షవాతం వచ్చి వృద్ధుల హోమ్‌లో చేరిన నాలుగు నెలలకు, ఫిబ్రవరిలో, ఆ కార్డు నాకు ఇవ్వొచ్చో లేదో తేల్చడానికి ఊరి కౌన్సిల్ వాళ్లు నడక పరీక్షకు పిలిచారు. ఆ హోమ్ గుట్ట మీద ఉంటుందని నీకు తెలుసు. గుమ్మం పక్కనే వికలాంగుల కార్లకు మూడు చోట్లు. మిగతావాళ్లు కింద రగ్బీ మైదానం దగ్గర కారు పెట్టి రెండు వందల మీటర్లు ఎక్కి రావాలి. మీ అమ్మకు కార్డు ఉంది గానీ, ఆమె కారులో ఉంటేనే అది చెల్లుతుంది.

"నెస్టా కార్డే పెట్టుకో ఎమ్లిన్, ఎవడు చూడొచ్చాడు?" అంది గ్లెనిస్.

"ఆమె మంచం మీద ఉంటే ఆమె కార్డు నా కారులో తిరగడం దొంగతనం."

"అయితే నీ నిజాయితీని నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కు. ఊపిరి ఆగిపోతే సమాధి రాయి మీద చెక్కిస్తాంలే, ఇతను చాలా నిజాయితీపరుడు అని."

అలా తిట్టి, ఆవిడే కూర్చుని అర్జీ నింపింది. ఫోటో, ఇంటి పన్ను కాగితం, మందుల జాబితా, అన్నీ జతచేసింది. 'ఆగకుండా ఎంత దూరం నడవగలరు?' అన్న చోట నేను చెప్పిన అంకెలో సగం వేసి, "నీ కళ్లకు నువ్వింకా ముప్పై ఏళ్లవాడివే" అంది.

పరీక్షకు తెల్లచొక్కా, టై, నీ పెళ్లికి వేసుకున్న బూట్లు వేసుకుని వెళ్లాను. కారులో కూర్చుని ఇన్‌హేలరు నాలుగుసార్లు పీల్చి మరీ లోపలికి నడిచాను. పరీక్ష చేసే పిల్లకు ఇరవై ఆరేళ్లుంటాయి. పేరు ఎలేరి. "మా తాత మీ గనిలోనే పనిచేశారండీ, హెఫిన్ బోవెన్" అంది. హెఫిన్! తొమ్మిదేళ్లు నేనూ అతనూ ఒకే షిఫ్టులో, భుజం భుజం తగులుకుంటూ పనిచేశాం. అతని మనవరాలి ముందు గోడకు చేరబడి నిలబడనా?

"తొందరేం లేదండీ. ఆగాలనిపిస్తే ఆగండి" అంది.

నడిచాను. ఎనభై మీటర్ల వరండా. పక్కన తను, చేతిలో గడియారం. రొమ్ములో కొలిమి మండుతోంది. అది బయటపడకుండా ఏదో ఒకటి మాట్లాడాలి కదా, మీ అమ్మ గురించి మాట్లాడాను. సినిమాహాలులో ఆమె టిక్కెట్లు చింపుతుంటే, చూసిన సినిమాకే నాలుగుసార్లు వెళ్లిన సంగతి. ఆ పిల్ల నవ్వింది. చివరికి చేరాక, "ఇంకో చుట్టు తిరగనా?" అన్నాను కూడా.

తను నవ్వలేదు. "మిస్టర్ ప్రాసర్, ఇది పందెం కాదండీ. రోజూ ఎలా ఉంటుందో అదే చూపించండి చాలు. ఆయాసంగా లేదూ?"

"లేదమ్మా."

"నిజంగా?"

"రోజూ ఇంతే."

బయటికొచ్చి కారులో కూర్చుంటే నలభై నిమిషాలపాటు తాళం తిప్పే సత్తువ లేదు.

మార్చిలో తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చింది. ఆగకుండా, మాట్లాడుతూ, మామూలు వేగంతో నడిచారు, ఆయాసం లేదని రెండుసార్లు చెప్పారు అని రాసింది ఆ పిల్ల. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నీకు మాత్రం ఏమని చెప్పాను? "సరిగా చూడనైనా లేదు, ముసలివాళ్లంటే లెక్కలేదు" అన్నాను. నువ్వు నమ్మావు. నీ తండ్రిని నమ్మక ఇంకెవరిని నమ్ముతావు?

ఏప్రిల్లో ఒకరోజు జోరున వాన. గుమ్మం పక్క చోటులో కారు పెట్టి పది నిమిషాలు పైకెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒకావిడ చక్రాల కుర్చీలో వాళ్లమ్మను కూర్చోబెట్టుకుని, తడుస్తూ నిలబడి ఉంది.

"దుక్కలా ఉన్నావు, సిగ్గులేదూ నీకు? నడవలేనివాళ్ల చోటు అది! ఏదీ, కార్డేదీ?"

లోపలినుంచి నర్సులు, చుట్టాలు అందరూ చూస్తున్నారు. ఆ తల్లి మోకాళ్ల మీది దుప్పటి తడిసి ముద్దయింది. క్షమించమని కారు తీసేశాను. ఆవిడ తిట్టిన తిట్టులో తప్పేముంది? నా దగ్గర కార్డు లేదు. లేకుండా చేసుకున్నది నేనే.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి. పెన్ను పక్కన పెట్టి టీ తాగాను, అది చల్లారింది కూడా. ఇక రాస్తాను.

ఆ నెలే ఇరవై ఏడో తారీకు పొద్దున పదకొండింటికి నర్సు మారిసెల్ ఫోన్ చేసింది. "మిస్టర్ ఎమ్లిన్, వెంటనే రండి. ఆలస్యం చేయకండి" అంది. గుమ్మం దాకా దింపుతుందని టాక్సీకి ఫోన్ చేస్తే నలభై నిమిషాలు పడుతుందన్నారు. నా కారే తీశాను. గుట్ట ఎక్కి గుమ్మం ముందుకు వెళ్లాను. మూడు చోట్లూ ఖాళీగా ఉన్నాయి నెరిస్. మూడూ. పెడితే ఏమయ్యేది? మహా అయితే జరిమానా, ఇంకెవరో ఒకరు తిట్టేవాళ్లు. గుమ్మంలో ఎవరో నిలబడి నావైపు చూస్తున్నారు. నాకు మళ్లీ ఆ వాన రోజు గుర్తొచ్చింది. కారు తిప్పేశాను. మీ అమ్మ పైన పోతూ ఉంటే నేను మర్యాదస్తుడిలా కిందికెళ్లి, గీతల మధ్య తిన్నగా కారు పెట్టి వచ్చాను.

సగం ఎక్కేసరికి కాళ్లు ఆగిపోయాయి. రోడ్డు పక్క పిట్టగోడ మీద కూర్చున్నాను. అక్కడినుంచి ఆమె గది కిటికీ కనిపిస్తుంది. అరిచినా వినబడేంత దూరమే, కానీ అరవడానికి ఊపిరి ఏది? లేచాను, పది అడుగులు వేశాను, మళ్లీ కూర్చున్నాను. రెండు వందల మీటర్లకు పద్దెనిమిది నిమిషాలు పట్టింది. నేను వెళ్లేసరికి, పోయినవాళ్ల ఆత్మకు దారి ఇవ్వాలని మారిసెల్ ఆ కిటికీ తెరుస్తోంది. నన్ను చూసి కుర్చీ మంచం దగ్గరికి జరిపింది.

ఆ రోజే నీకు ఫోన్ చేసి, చేయి పట్టుకుని కూర్చున్నానని, చివరిగా నీ పేరు పిలిచిందని చెప్పాను. నువ్వు అంత దూరాన ఒక్కదానివే ఏడుస్తుంటే నోటికొచ్చింది. నీ పేరు పిలవలేదు తల్లీ. పట్టుకున్నది కూడా నా చేయి కాదు, మారిసెల్ చేయి. "ఎమ్లిన్ వచ్చాడా?" అని రెండుసార్లు అడిగిందట. "కారు పెడుతున్నారమ్మా, వచ్చేస్తున్నారు" అని ఆ అమ్మాయి చెప్పిందట. నువ్వు దాచుకున్న ఆ మాట నేను కల్పించింది. దాన్ని లాక్కుంటున్నందుకు నామీద నాకే అసహ్యంగా ఉంది.

అంత్యక్రియలయ్యాక నువ్వు నా డాక్టరుతో మాట్లాడి, ఊపిరి పరీక్షల కాగితాలన్నీ పెట్టి కౌన్సిల్‌కు మళ్లీ రాశావు. జూన్‌లో కార్డు వచ్చింది. ఆమె పోయాక వచ్చింది. దాన్ని ముట్టుకుంటే ఆ మూడు ఖాళీ చోట్లే కనిపిస్తాయి. అందుకే డ్రాయరులో పడేశాను. నీ ప్రశ్నకు జవాబు ఇదే.

ఇంతటితో అయిపోతే ఇంకొన్నాళ్లు దాచేవాణ్ణేమో. పోయిన వారం కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. తప్పుడు నివేదిక రాసిందని ఆ పిల్ల మీద నువ్వు ఫిర్యాదు చేశావట కదా, దానిమీద నా వాంగ్మూలం కావాలట. మంగళవారం వెళ్లాను. ఆ రోజు కార్డు అద్దం దగ్గర పెట్టి కౌన్సిల్ ఆఫీసు గుమ్మం ముందే ఆపాను. నడిచే ఓపికా లేదు, నడిచినట్టు నటించే ఓపికా లేదు.

ఎలేరిని పరీక్షల పని మాన్పించి కింద కాగితాల గదిలో కూర్చోబెట్టారు. నన్ను చూసి లేచి నిలబడింది. కోప్పడుతుందనుకున్నాను.

"నెస్టా గారు ఎలా ఉన్నారండీ?" అని అడిగింది.

ఆ వరండాలో నేను చెప్పిందంతా గుర్తుంది ఆ పిల్లకు. పోయిందని చెప్పాను. ఎలా పోయిందో కూడా చెప్పాను. నీకంటే ముందు తనకే చెప్పాను, అందుకూ క్షమించు.

"ఆ రోజు ఎందుకలా నడిచారు మిస్టర్ ప్రాసర్? నేను రెండుసార్లు అడిగాను కదా."

"నువ్వు చూస్తున్నావని అమ్మా."

"చూడటమే కదండీ నా ఉద్యోగం" అంది. అటు తిరిగి కాగితాలు సర్దుకుంది.

నా వాంగ్మూలం రాసి సంతకం పెట్టాను. అది చాలదట. ఫిర్యాదు నీ పేరు మీద ఉంది, నువ్వు వెనక్కి తీసుకుంటేనే విచారణ ఆగుతుందట. ఈ నెలాఖరు దాకా గడువు ఇచ్చారు. నామీద నీకెంత కోపం వచ్చినా సరే, ఫోన్ చేసి తిట్టు, లేదా అసలు చేయకు. నన్ను క్షమించే సంగతి తీరిగ్గా చూసుకో. ముందు ఆ పిల్లకోసం ఆ రెండు వాక్యాలు రాసి పంపు. నివేదిక నిజమని, అబద్ధమాడింది మా నాన్న అని రాయి.

ఇట్లు,
నీ ముందు తలెత్తుకోలేని
మీ నాన్న,
ఎమ్లిన్